రోహిత్ గదిలో నెట్ లేదు

ఇంతకీ మనం ఎక్కడ ఆగాం? మణికొండలో, మా ఫ్లాట్ మూడో అంతస్తులో, రోహిత్ గదిలో, కంప్యూటర్ బల్ల కింద. నేను టార్చిలైటు నోట కరుచుకుని, చాప మీద మోకాళ్లు ఆనించి, నీలం వైరు కొసని నాలుగోసారి పీకి నాలుగోసారి గుచ్చుతూ ఉండగా వీధి తలుపు గంట మోగింది.

రోహిత్ మా ఒక్కగానొక్క కొడుకు. పోయినేడు వానల్లో ఖాజాగూడ చెరువు మలుపు దగ్గర వాడి బండి జారింది. ఇరవై ఏడేళ్లు. వాడి ఫోను కూడా ఆ రోడ్డు మీదే చితికిపోయింది. ఆఫీసు ల్యాప్‌టాప్‌ని వారం తిరక్కుండా ఇద్దరు మర్యాదస్తులు వచ్చి, సానుభూతి తెలిపి, అప్పగించినట్టు మా చేత సంతకం పెట్టించుకుని పట్టుకుపోయారు. మిగిలింది వాడు సొంతంగా ఒక్కో భాగం కొనుక్కొచ్చి బిగించుకున్న ఈ కంప్యూటర్ ఒక్కటే. ఏడాదిగా నేను దీన్ని ఆపలేదు. ఫ్యాను ఆపాను, ఏసీ ఆపాను, దీన్ని మాత్రం ఆపలేదు.

కారణం ఫోటోలు. వాడు తీసినవి, వాడిని తీసినవి, అన్నీ కలిపి ఐదు వేల ఆరు వందల ఇరవై ఆరు. అవి ఈ పెట్టెలో లేవు. నెట్‌లో ఎక్కడో ఉన్నాయి, వాటికి తాళం ఉంది. ఆ తాళం తెలిసిన ప్రాణులు ఇద్దరే. ఒకడు చెప్పకుండా వెళ్లిపోయాడు. రెండోది ఈ కంప్యూటర్. ఇదీ చెప్పదు గాని, నేను వెళ్లి కూర్చుంటే తలుపు తీస్తుంది. రోజుకి పదే ఫోటోలు చూస్తాను. ఎక్కువ చూస్తే అయిపోతాయి. కొత్త ఫోటో చూసిన రోజున వాడి గురించి ఒక కొత్త సంగతి తెలుస్తుంది. వాడు పనసకాయ బిర్యానీ తిన్నాడని, ఆఫీసు మెట్ల మీద పిల్లికి పాలు పోశాడని. పోయిన మనిషి దగ్గర్నుంచి కొత్త సంగతి అంటే మాటలా? ఇంకా రెండు వేల పైచిలుకు చూడకుండా దాచుకున్నాను.

శనివారం సాయంత్రం నుంచి నెట్ ఆగింది. ఇల్లంతటికీ కాదు. టీవీకి వస్తోంది. నా ఫోనుకి వస్తోంది. మావారి ఫోనులో ప్రవచనాలకి ఏ ఆటంకమూ లేదు. ఈ కంప్యూటర్‌కే లేదు.

ఇవాళ బుధవారం. రేపు రోహిత్ సంవత్సరీకం. ఇంగ్లీషు తేదీ ప్రకారం ఇంకా పదకొండు రోజులుంది గాని, తిథి ముందే వచ్చేసింది. ఏడాది గడువు ఇచ్చినట్టే ఇచ్చి, పంచాంగం అందులోంచి పదకొండు రోజులు కోసేసింది. రేపు వాడి పేరు మీద గొడుగు, చెప్పులు, మంచం, పరుపుతో పాటు ఈ కంప్యూటర్ కూడా దానం ఇవ్వాలని మావారు నిశ్చయించారు. పుచ్చుకునేది పురోహితులు శివశంకర్ గారు. వాళ్లమ్మాయి బాచుపల్లిలో ఇంజినీరింగ్ చదువుతోంది. ఇంటికి తీసుకెళ్లగానే లోపలున్నదంతా తుడిచేసి కొత్తదానిలా చేసుకుంటారట. అంటే నా రెండు వేల ఫోటోలకి తెల్లారేదాకే గడువు.

తలుపు తీశాను. మహేందర్. మా వీధిలో నెట్ లైన్లు చూసే మనిషి. నలభై దాటి ఉంటాడు. కరెంటు స్తంభాలకి వేలాడే వైర్ల చుట్టల్లో ఏది ఎవరిదో మణికొండలో అతనొక్కడికే తెలుసు.

"ఏందమ్మా, నాలుగు దినాల సంది పరేషాన్ అయితున్నవంట? ఆఫీసుల అందరికి మీ కంప్లేంట్ నంబర్ నోటికొచ్చింది" అన్నాడు చెప్పులు విప్పుతూ.

"రోజుకి రెండుసార్లు చేశాను మరి. మీ కాల్ మాకెంతో ముఖ్యం అంటుంది ఆ అమ్మాయి. ముఖ్యమైనవాళ్లని అరగంట నిలబెడతారని ఇప్పుడే తెలిసింది."

"వైఫై డబ్బా బంద్ చేసి మళ్ల చాలూ చేసినవా?"

"ఇరవైసార్లు."

"వైరు మార్చినవా?"

"పక్క ఫ్లాట్ వాళ్లని అడిగి తెచ్చి మరీ మార్చాను."

"కంప్యూటర్‌ని?"

"ఈ ఏడాదిలో మొదటిసారి ఆపాను, వేశాను. దండం పెట్టాను. ఇంకేమైనా మిగిలిందా?"

మహేందర్ నవ్వాడు. గోడ మీద దండ వేసిన ఫోటో కనబడి మధ్యలోనే ఆపేశాడు. ఈ గదిలోకి వచ్చినవాళ్లెవరూ నవ్వు పూర్తిచేయరు. ఏడాదిగా నేను సగం నవ్వులే చూస్తున్నాను.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెర మీద కుడివైపు కింద చిన్న భూగోళం బొమ్మ, దాని మీద అడ్డగీత. సమస్య ఏమిటో వెతకమని కంప్యూటర్‌నే అడిగే ఏర్పాటు కూడా ఒకటుంది. సోమవారం నేను అడిగాను. ఐదు నిమిషాలు గిరగిరా తిరిగి, సమస్య ఏమిటో తెలియలేదని ఒప్పుకుంది. పెద్ద పెద్ద ఆస్పత్రుల కంటే నయం, బిల్లు చేతికివ్వలేదు.

మహేందర్ ముందు నా వైరు తీసి తన సంచిలోని చిన్న ల్యాప్‌టాప్‌కి పెట్టాడు. నెట్ వచ్చింది. అదే వైరు మళ్లీ కంప్యూటర్‌కి పెట్టాడు. రాలేదు. హాల్లోకి వెళ్లి, టీవీ పక్కనున్న వైఫై డబ్బాలో వేరే రంధ్రంలోకి మార్చాడు. రాలేదు. నల్లటి తెర ఒకటి తెరిచి ఏవో అక్షరాలు కొట్టాడు. తెల్లటి వరసలు నాలుగు పైకి జరిగాయి. వాటి వంక చూస్తూ గడ్డం గోక్కున్నాడు.

"వైరు మంచిగున్నది. కంప్యూటర్ మంచిగున్నది. ఇది 'నేనున్న' అంటే డబ్బా 'విన్న' అంటున్నది. గని బయటికి పోనిస్తలేదు."

"ఎందుకు పోనివ్వదు?"

"గదే జర చూద్దాం."

డబ్బా లోపలి వివరాలు చూపించే పేజీ తెరిచాడు. మా ఇంట్లో నెట్ వాడుతున్నవాటి పేర్లు వరసగా ఉన్నాయి. టీవీ. నా ఫోను. మావారి ఫోను. అన్నిటి పక్కనా పచ్చ గుర్తు. మహేందర్ పేజీని కిందికి జరిపాడు. అక్కడ ఎర్ర గీత కింద 'ఆపివేసినవి' అని ఇంకో జాబితా. అందులో ఒకే ఒక్క పేరు.

రోహిత్.

కంప్యూటర్ బిగించిన రోజున వాడు దానికి తన పేరే పెట్టుకున్నాడు. అది తెలిసి కూడా, ఆ ఎర్ర గీత కింద ఆ ఒక్క పేరు చూడగానే నా చేయి బల్ల అంచుని వెతుక్కుంది.

"ఇది ఖరాబ్ కాలేదమ్మా" అన్నాడు మహేందర్ మెల్లగా. "ఎవలో ఆపిన్రు. ఇంట్ల పిల్లలున్నరా? పరీక్షలప్పుడు కొంతమంది గిట్ల ఆపుతరు."

"లేరు. ఉన్నవాడికి పరీక్షలన్నీ అయిపోయాయి."

అతను తల వంచుకున్నాడు. అన్నాక నాకే అనిపించింది, ఆ మనిషి చేసిన తప్పేముందని.

"ఎప్పుడు ఆపారో తెలుస్తుందా?"

"శనివారం. మూడు యాభై రెండుకి." ఇంకోచోట వేలు పెట్టాడు. "ఫోన్‌కెల్లి చేసిన్రు. గీ ఫోన్."

ఆ వేలి కింద మావారి పేరుంది. కామేశ్వరరావు.

నేను నమ్మలేదు. రహదారులు భవనాల శాఖలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. ఫోనులో అక్షరాలు చిన్నవైపోతే పెద్దవి చేయడానికి నన్ను వంటింట్లోంచి పిలుస్తారు. ఫోటో పంపమంటే ఫోను ఇచ్చి పంపుతారు. ఆయన ఒక కంప్యూటర్‌ని పేరు పెట్టి వెతికి పట్టుకుని ఆపగలరా?

"నువ్వు తీసెయ్ మహేందర్."

"నాతోని కాదమ్మా. తాళం సార్ ఫోన్‌ల ఉన్నది. డబ్బాకి రీసెట్ కొట్టొచ్చు, గని అప్పుడు ఇంట్ల మొత్తం పోతది. మళ్ల మా ఆఫీసుకెల్లి సెట్టింగ్ రావాలె. రేపు పగటీలి అయితది."

"రేపు పగటికి ఇది ఈ ఇంట్లో ఉండదు."

ఎందుకని అడగలేదు. హాల్లో విప్పి పెట్టిన కొత్త గొడుగూ, అట్టపెట్టెలోని చెప్పులూ చూసే ఉంటాడు. నాకేం కావాలో మాత్రం అడిగాడు. చెప్పాను. ఫోటోలుండే పేజీలో ఒక మూల చూపించాడు. "నెట్ రాంగనే గీడ నొక్కు. అన్ని ఒక్కపారే దిగుతయి. మొత్తం దిగనీకి నాలుగైదు గంటలు. ఇంట్ల పెన్‌డ్రైవ్ ఉన్నదా? లేకుంటే నాది తీస్కో, తర్వాత ఇయ్యి." సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "ఫికర్ చేయకమ్మా. సార్‌తోని మంచిగ మాట్లాడు. కొట్లాడకు."

అప్పుడే లిఫ్టు తలుపు చప్పుడైంది. మావారు రెండు చేతుల్లో రెండు సంచులతో లోపలికి వచ్చారు. ఒకదాంట్లోంచి అరిటాకులు బయటికి పొడుచుకొచ్చాయి. మహేందర్ చెప్పులు వేసుకుంటూ, "లైన్ మంచిగున్నది సార్" అని ఆయన మొహంలోకి చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. లిఫ్టు ఎదురుగానే ఉంది, అయినా మెట్లే దిగాడు.

మావారికి అర్థమైపోయింది. సంచులు కింద పెట్టలేదు. పట్టుకునే నిలబడ్డారు.

"శనివారం మధ్యాహ్నం మూడూ యాభై రెండుకి మీరెక్కడున్నారండీ?"

"అదేం ప్రశ్న? పోలీసులా?"

"పోలీసులైతే మర్యాదగా స్టేషన్‌కి రమ్మంటారు. నేను ఇంట్లోనే అడుగుతున్నాను."

"ఇంట్లోనే ఉన్నాను. నువ్వు పిండిమరకి వెళ్లావు."

"వెళ్లాను. రేపటి గారెలకి కాదు లెండి, మీ జొన్నరొట్టెలకి. నేను పిండి పట్టించుకుని వచ్చేలోపు మీరు వాడిని ఆపేశారు."

"కంప్యూటర్‌ని" అన్నారాయన.

"నేనూ అదే అన్నాను."

సంచులు అప్పుడు దించారు. నువ్వుల పొట్లం ఒకటి జారి నేల మీద పడింది. తియ్యలేదు. రోహిత్ గదిలోకి వచ్చి మంచం అంచు మీద కూర్చున్నారు. పరుపు అప్పటికే చుట్టి తాడు కట్టేశారు కాబట్టి ఒట్టి చెక్క మీదే కూర్చున్నారు.

"ఎలా చేశారు? అది చెప్పండి ముందు. నాకు అదే మింగుడు పడటం లేదు."

జేబులోంచి చిన్న డైరీ తీసి ఇచ్చారు. ఆఫీసు రోజుల నుంచీ ఆయనకి అలవాటు, ఏదైనా వరస నంబర్లు వేసి రాసుకుంటారు. అందులో గుండ్రటి అక్షరాలతో ఉంది: ఒకటి, పళ్లచక్రం బొమ్మ నొక్కాలి. రెండు, పరికరాలు అనే చోట నొక్కాలి. మూడు, పేరు వెతకాలి. నాలుగు, ఎర్రది నొక్కాలి. ఐదు, నిజంగా ఆపాలా అని అడుగుతుంది, అవును అనాలి. కింద బ్రాకెట్లో: ఆ అమ్మాయి చాలా ఓపికగా చెప్పింది.

నేను ఫోన్ చేసినచోటికే ఆయనా చేశారన్నమాట. మా ఇద్దరి కాల్సూ వాళ్లకి ఎంతో ముఖ్యమే.

"నాలుగు రోజులు" అన్నాను. "నాలుగు రోజులు నేను ఈ బల్ల కింద దూరుతూ లేస్తూ ఉంటే, టార్చిలైటు మీరే తెచ్చి ఇచ్చారు."

"మోకాళ్లు నొప్పి పెడతాయని చాప కూడా వేశాను" అన్నారాయన. వెటకారం కాదు. తన తరఫున చెప్పుకోవడానికి ఆయనకి దొరికిన ఒకే ఒక్క మంచి విషయం అది.

నాకు కోపం ముందు వచ్చిందో ఏడుపు ముందు వచ్చిందో తెలియలేదు.

"ఎందుకండీ?"

బయట ఎవరో కొత్త భవనం సెంట్రింగ్ విప్పుతున్నారు. ఇనుప కడ్డీలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు.

"నువ్వు నవ్వకూడదు" అన్నారు.

"నవ్వే ఓపిక లేదు. చెప్పండి."

"శనివారం నువ్వు వెళ్లాక గది తుడుద్దామని వచ్చాను. దానం ఇచ్చే మంచం కదా, మనమే శుభ్రం చేయాలని. తెర మీద నువ్వు చూసే ఫోటోలున్నాయి. నేను దేన్నీ ముట్టుకోలేదు పుణ్యా. గుడ్డ నా చేతిలోనే ఉంది. ఆ బాణం ఉంటుంది చూడు, ఎలుక జరిపితే జరిగేది, అది దానంతటదే కదిలింది."

"దానంతటదే?"

"చీమ పాకినట్టు. అటు వెళ్లింది, ఇటు వచ్చింది. ఒక ఫోటో మీద ఆగి దాన్ని పెద్దది చేసింది. ఖాజాగూడ గుట్టల మీద వాడు టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నది. ఇక అలాగే ఉండిపోయింది. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. అరగంట కూర్చున్నాను. వాడూ నేనూ."

నేను తెర వంక చూశాను.

"రోహీ అని పిలిచాను" అన్నారు. "బాణం ఇలా, కాస్త పక్కకి కదిలింది."

నాకు వీపు మీద చన్నీళ్లు పోసినట్టయింది. అలాంటప్పుడు నా నోరు నా మాట వినదు. "వాడు బతికుండగా మీరు మూడుసార్లు పిలిస్తే గాని పలికేవాడు కాదు కదండీ" అన్నాను.

"అందుకే భయం వేసింది పుణ్యా. మొదటిసారికే పలికాడు."

అప్పుడు ఆయన మొహం చూశాను. ఏడాదిగా ఈయన ఏడవలేదని, రాయి అని, ఫైలు మూసేసినట్టు మూసేశారని నేను ఎంతమందితో అన్నానో. ఏడుపు బయటికి రావడానికి ఒక దారి కావాలి. ఈయన దాన్ని కూడా నంబర్లు వేసి డైరీలో పెట్టుకున్నారు.

శివశంకర్ గారిని విషయం చెప్పకుండా అడిగారట, పోయినవాళ్లకి ఏదైనా వస్తువు మీద మమకారం ఉండిపోతే ఏం చేయాలని. ఆ వస్తువుని దానం ఇచ్చేయండి, ఏడాది తిథి నాటికి దారి తేలికవుతుందని ఆయన చెప్పారట. కంప్యూటర్ దానం ఆలోచన అక్కడ పుట్టింది. అంతవరకూ నేను ఆ పిల్ల చదువు కోసం అనుకుంటున్నాను.

"రోజూ నాలుగింటికి నువ్వు ఇక్కడ కూర్చుంటావు. నువ్వు పిలుస్తున్నట్టే కదా అది? పిలుస్తూ ఉంటే వాడు ఎలా వెళ్తాడు? అందుకని ముందు ఆ దారి మూద్దామనుకున్నాను. చెబితే నువ్వు ఒప్పుకోవు."

"ఒప్పుకోను. రేపు మీరు పంపించేది కంప్యూటర్‌నా, వాడినా?"

"ఈ ఇంట్లో రెండూ ఒకటే అయిపోయాయి కదా" అన్నారు.

"అందులో నేను ఇంకా చూడని ఫోటోలు రెండు వేలున్నాయి."

ఆయన తలెత్తారు. "చూడనివా?"

"రోజుకి పదే చూస్తాను."

"నువ్వు చూసినవే మళ్లీ మళ్లీ చూస్తున్నావనుకున్నాను." తెర వైపు తిరిగారు. "రెండు వేలు. మరి నాకు ఒక్కటి కూడా చూపించలేదేం?"

"మీరు ఈ గదిలోకి రారు కదా."

"నువ్వు తలుపు వేసుకుంటావు కదా."

కడ్డీల చప్పుడు ఆగింది. ఇద్దరం ఆ తలుపు వంక చూశాం. నిజమే, నేను వేసుకుంటాను. ఏడాదిగా రోజూ నాలుగింటికి వేసుకుంటున్నాను. రోజుకి పది ఫోటోలు, అందులో ఐదు ఆయనవి. నేను పదీ తినేశాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఫోను తీశారు. "రా, ఇలా కూర్చో" అన్నారు.

పళ్లచక్రం బొమ్మ నొక్కారు. పరికరాల దగ్గరికి వెళ్లారు. అక్కడ ఆగిపోయి డైరీ అటూ ఇటూ తిప్పారు. "ఇది ఆపడానికి రాసుకున్నది. తెరవడానికి రాసుకోలేదు."

"అవసరం పడదనుకున్నారు."

"అవును" అన్నారు నిజాయితీగా.

తలలు దగ్గర పెట్టుకుని వెతికాం. ఒకసారి పొరపాటున టీవీ ఆగింది. ఇంకోసారి నా ఫోను ఆగబోతే చేయి పట్టుకున్నాను. పెళ్లై ముప్ఫై ఏళ్లయింది, ఇంత దగ్గరగా కూర్చుని ఒక పని చేసి ఎన్నాళ్లయిందో. చివరికి ఎర్ర గీత కింద వాడి పేరు దొరికింది. నొక్కితే, నిజంగా అనుమతించాలా అని అడిగింది.

మావారి వేలు తెర మీద ఆగింది. నేను నా వేలు ఆయన వేలి మీద పెట్టి నొక్కాను.

తెర మూల భూగోళం మీది అడ్డగీత పోయింది. ఆగిపోయిన ఫోటోల పేజీ మళ్లీ నిండటం మొదలుపెట్టింది. మహేందర్ చూపించినచోట నొక్కాను. చిన్న గీత ఒకటి వచ్చి, ఐదు వేల ఆరు వందల ఇరవై ఆరులో మూడు అంది. నాలుగు అంది. ఇంతేనా అనిపించింది. ఇంత చిన్న పని కోసమా నాలుగు రోజులు.

"ఇప్పుడు రెండు చూద్దామా?" అన్నారు మావారు, పక్కింటి పిల్లాడు చాక్లెట్ అడిగినట్టు.

"పది చూద్దాం" అన్నాను. కొంగుతో మొహం తుడుచుకోవడానికి మౌస్ వదిలేశాను.

బాణం కదిలింది.

కొంగు మొహం మీదే ఉండిపోయింది. మావారు నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆ పట్టుకి చర్మం ఎర్రగా కమిలింది. బాణం మెల్లగా కిందికి దిగింది, దారి తెలిసినదానిలా. పేజీ వేగంగా జరగడం మొదలైంది. నేను చూడని ఫోటోలు, దాచుకున్నవి, ఒకదాని వెంట ఒకటి పైకి పారిపోతున్నాయి. ఇలా గుంపుగా చూసేయడం ఇష్టంలేక గట్టిగా కళ్లు మూసుకున్నాను.

"ఆగింది" అన్నారు మావారు. "గుట్టల మీదిదే. అదే ఫోటో."

కళ్లు తెరిచాను. ఫోటో కంటే ముందు ఇంకొకటి కనబడింది. తెర పైన, అంచుకి అంటుకుని, సన్నటి పట్టీ. 'ఈ కంప్యూటర్‌ని మరోచోటు నుంచి చూస్తున్నారు' అని ఇంగ్లీషులో.

"శనివారం కూడా ఇది ఉందా?"

"ఉందేమో. కళ్లజోడు హాల్లో ఉండిపోయింది. నేను బాణాన్నే చూశాను."

అంటే ఎవరో ఉన్నారు. మనిషి. ఎక్కడో ఇంకో గదిలో కూర్చుని, మా గదిలోకి వచ్చి మా అబ్బాయి ఫోటో చూసుకుంటున్న మనిషి. దొంగా? దొంగైతే గుట్టల మీద టీ తాగుతున్న కుర్రాణ్ని అరగంట చూస్తాడా?

మావారి మొహంలో ఏదో ఆరిపోయింది. ఆయన శనివారం నుంచీ మోస్తున్న భయంలో కాస్త సంతోషం కూడా ఉండేదని అప్పుడు తెలిసింది. అది కూడా పోయింది.

పట్టీ కింద చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంది. అక్షరాలు పడ్డాయి. ఇంగ్లీషు అక్షరాలు, మాటలు మాత్రం తెలుగు.

వచ్చావా?

తర్వాత ఇంకో వరస.

ఏడాదిగా పచ్చ చుక్క వెలిగించుకుని కూర్చుంటావు, ఒక్క మాటకి పలకవు. సరే, కోపమేమో అనుకున్నాను. నాలుగు రోజులుగా ఆ చుక్క కూడా లేదు. బతికే ఉన్నావా అసలు?

మనం రోజుకి పదిసార్లు అనుకునే మాటే అది. ఫోను ఎత్తనివాళ్లని, పెళ్లికి రానివాళ్లని అంటాం. ఆ మాట నా గుండెల మీద పడి అక్కడే కూర్చుంది.

కంప్యూటర్ ఆపకుండా ఏడాది పాటు నేను కాపాడుకున్నది ఫోటోలనే అనుకున్నాను. ఇది వెలుగుతున్నంతసేపూ అవతలివాళ్లకి కనబడే ఆ పచ్చ చుక్కని చూసి ఇంకెవరో, ఎక్కడో, వాడు బతికే ఉన్నాడని, తనమీద అలిగి కూర్చున్నాడని అనుకుంటూ ఏడాది గడిపారు. ఆ చుక్క వెలిగించింది నేను.

"చెప్పెయ్యి" అన్నారు మావారు.

"ఏమని?"

ఆ మాట మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ పూర్తిగా అనలేదు. 'వాడు వెళ్లాక' అంటాం. 'అప్పట్నుంచీ' అంటాం. రేపటి తద్దినానికి కూడా 'రేపటి పని' అనే అంటున్నాం.

"ముందు ఎవరో అడుగు."

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, రెండు వేళ్లతో కొట్టాను. ఎ, వ, రు. అంతే. మూడు అక్షరాలకి ఇంగ్లీషులో ఎన్ని మీటలు నొక్కాలో. మధ్యలో ఒకటి తప్పు పడితే చెరిపి మళ్లీ కొట్టాను.

అవతల ఏమీ రాలేదు. బాణం ఫోటో మీదే నిశ్చలంగా ఉంది. కింద గీత తన పని తాను చేసుకుంటూ పద్దెనిమిది అంది, పంతొమ్మిది అంది.

అక్షరాలు పడ్డాయి. ఈసారి తొందర లేదు.

రోహిత్ ఇంత నెమ్మదిగా కొట్టడు.

మళ్లీ ఆగింది. మావారు కుర్చీ వెనక నుంచి ముందుకి వంగి, కళ్లజోడు పైకి తోసుకున్నారు. కింది వరసలో ఒకే ఒక్క మాట పడింది. నాకు అక్షరాలు అలుక్కుపోయాయి. ఆయనే ఆఫీసులో ఫైలు చదివినట్టు, తడబడకుండా, పైకి చదివారు.

"అత్తయ్యగారా?"

మాకు ఒక్కడే కొడుకు. వాడికి పెళ్లి కాలేదని శివశంకర్ గారికి చెప్పి, అందుకు తగ్గ తంతే ఏడాదిగా నెలనెలా జరిపిస్తున్నాం.